ఖాళీ అన్నది ఖాళీ కాదు: పన్నెండు పాత కంప్యూటర్ల లెక్క

జనవరి 3, శనివారం రాత్రి

హాల్లో నడవడానికి చోటు లేదు. బెంగళూరు మారతహళ్ళిలో మాది చిన్న ఇల్లు, గోడ పొడవునా పన్నెండు డెస్క్‌టాప్‌లు పేర్చి ఉన్నాయి. మా పిన్ని కొడుకు పనిచేసే ఆఫీసులో కొత్తవి వచ్చాక వీటిని పక్కన పెట్టారు. అడిగితే లెటర్ రాసి మరీ ఇచ్చారు. మదనపల్లె దగ్గర మా ఊరి హైస్కూలుకు వీటిని జనవరి 26 లోపు చేర్చాలి.

అన్నీ నాలుగో తరం కోర్ ఐ3 మెషిన్లు, డీడీఆర్3 ర్యామ్, చిన్న క్యాబినెట్లు. పిల్లలు బ్రౌజరూ లిబ్రే ఆఫీసూ ఒకేసారి తెరిచినా ఆగకుండా నడవాలంటే ఒక్కోదానికి 8 జీబీ కావాలి. డిస్కు బాగుండాలి. ఇంకే ఖర్చూ పెట్టే పరిస్థితి లేదు, చుట్టాలూ స్నేహితులూ తలా కొంచెం వేసుకున్న డబ్బు ఇది.

ముందు ఏ మెషిన్లో ఏముందో లెక్క కావాలి. ఒక యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ మీద డెబియన్ 13 (ఒక రకం లినక్స్) ఎక్కించాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్‌కు (అన్ని హక్కులూ ఉండే యూజర్, సూపర్ యూజర్ అన్నా ఇదే) విడిగా పాస్‌వర్డ్ ఇచ్చి, "బడి" అనే మామూలు యూజర్‌ను పెట్టాను. డెబియన్‌లో రూట్ పాస్‌వర్డ్ ఇస్తే మామూలు యూజర్‌కు సుడో హక్కు, అంటే రూట్‌గా కమాండ్లు నడిపే హక్కు, రాదు. రానివ్వకూడదనే అనుకున్నాను కూడా. లెక్క తీయడానికి రూట్ ఎందుకు, చదవడమే కదా అన్నది నా ఆలోచన.

చిన్న స్క్రిప్టు రాశాను. ఎల్‌ఎస్‌సీపీయూతో ప్రాసెసర్, ఎల్‌ఎస్‌బీఎల్‌కేతో డిస్కు, ఎల్‌ఎస్‌హెచ్‌డబ్ల్యూతో ర్యామ్. ఫలితం షీటులోకి నీటుగా రావాలని ఎర్రర్ లైన్లన్నిటినీ డెవ్ నల్‌లోకి (పంపినదంతా మాయమయ్యే చోటు) పంపేశాను. ర్యామ్ స్టిక్కులు (ముక్కలు) పెట్టే స్లాట్ల వివరం రాకపోతే మొత్తం ర్యామ్‌ను దగ్గరి అంకెకు సవరించి ఒకే స్టిక్కుగా రాయమని ఒక లైను కూడా పెట్టాను. ఎస్‌ఎస్‌డీని ఒక్కో మెషిన్‌కు తగిలించడం, బూట్ చేయడం, స్క్రిప్టు నడపడం. రాత్రి పదకొండుకల్లా పన్నెండూ అయిపోయాయి. షీటులో ర్యామ్ కాలమ్ అంతా ఒకటే: ఒక స్టిక్కు, 4 జీబీ.

జనవరి 10, శనివారం

పొద్దున 335ఈ బస్సెక్కి కార్పొరేషన్ దగ్గర దిగి, ఎస్పీ రోడ్డుకు నడిచాను. డీడీఆర్3 పాత సరుకు దొరికే చోటు ఇదే. మూడు షాపులు తిరిగి 4 జీబీ స్టిక్కులు పన్నెండు కొన్నాను. షాపతను తెలుగువాడే, అనంతపురం వైపు మనిషి. ఒక్కోటీ తన మెషిన్లో పెట్టి చూపించి ఇచ్చాడు. పని సగం అయిపోయినట్టే అనిపించింది.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. మొదటి క్యాబినెట్ విప్పాడు. విప్పినవాడు అలాగే ఉండిపోయి, "అక్కా, ఇక్కడ చోటు లేదే" అన్నాడు.

రెండే స్లాట్లు. రెండింట్లోనూ 2 జీబీ స్టిక్కులు ఉన్నాయి. రెండో మెషిన్ కూడా అంతే. మూడోది మాత్రం నా షీటులో రాసినట్టే ఉంది, ఒక 4 జీబీ, పక్కన ఖాళీ. పన్నెండూ విప్పి చూశాం. ఐదింట్లో ఒకే స్టిక్కు, ఏడింట్లో రెండేసి. ఆ ఏడింటిని 8 జీబీ చేయాలంటే ఉన్న రెండూ తీసేసి రెండు కొత్తవి పెట్టాలి. ఐదుకు ఐదు, ఏడుకు పద్నాలుగు, మొత్తం పంతొమ్మిది కావాలి. నా చేతిలో పన్నెండున్నాయి. ఇంకా ఏడు కొనాలి. తీసేసిన 2 జీబీ స్టిక్కులు పద్నాలుగు ఎవరికీ పనికిరాకుండా మిగులుతాయి.

నాకు చాలా బాధేసింది. నా డబ్బు మాత్రమే అయితే ఇంత టెన్షన్ పడేదాన్ని కాదు.

అదే రాత్రి, పన్నెండున్నర

నిద్ర పట్టక స్క్రిప్టు తెరిచాను. ఎర్రర్ లైన్లను పారేసే ముక్క తీసేసి, బడి యూజర్‌గానే ఎల్‌ఎస్‌హెచ్‌డబ్ల్యూ నడిపాను. మొట్టమొదటి లైనే హెచ్చరిక: ఈ ప్రోగ్రాంను సూపర్ యూజర్‌గా నడపాలి. చివర్లో మళ్ళీ ఇంకొకటి: ఫలితం అసంపూర్ణంగానో తప్పుగానో ఉండొచ్చు, సూపర్ యూజర్‌గా నడపండి. రెండుసార్లు చెప్పింది. ఆ రెండు మాటలూ ఎర్రర్ దారిలో వస్తాయి, ఆ దారిని నేనే మూసేశాను.

తర్వాత రూట్‌గా నడిపి రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టాను. మామూలు యూజర్‌కు మెమరీ కింద ఒకే అంకె, అదీ 4 కంటే కాస్త తక్కువ. ఎందుకంటే అది కెర్నెల్ (లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రాం) చేతికి వచ్చిన ర్యామ్, గ్రాఫిక్స్‌కు, ఫర్మ్‌వేర్‌కు (బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) పోయింది పోగా మిగిలింది. రూట్‌కు మాత్రం 4 జీబీ అని సరిగ్గా చెప్పి, కింద స్లాట్లను బ్యాంక్ 0, బ్యాంక్ 1 అని విడివిడిగా చూపించింది: ఒక్కోటీ 2 జీబీ, డీడీఆర్3, 1600 మెగాహెర్ట్జ్, తయారీదారు, సీరియల్ నంబర్. ఒకే స్టిక్కున్న మెషిన్లో అయితే రెండో బ్యాంక్ ఎదురుగా ఖాళీ అని స్పష్టంగా ఉంది.

నా స్క్రిప్టు చేసిన తప్పు ఇప్పుడు అర్థమైంది. దానికి "స్లాట్ల వివరం లేదు" అని వచ్చింది. అది నిజానికి "నీకు చూపించలేదు". నేను దాన్ని "ఒక స్టిక్కే ఉంది" అని రాయించాను. లేకపోవడం వేరు, చూడనివ్వకపోవడం వేరు. ఈ రెండింటికీ షీటులో ఒకే గడి ఉంటే ఎవరు చదివినా తప్పే చదువుతారు.

జనవరి 11, ఆదివారం

పొద్దున్నే తమ్ముడు అడిగిన ప్రశ్న: "ర్యామ్ ఎన్ని ముక్కలుందో తెలిస్తే ఎవరికేం నష్టం? దానికెందుకు తాళం?"

మంచి ప్రశ్న. టీ పెట్టుకుని కూర్చుని ఇద్దరం చూశాం.

ర్యామ్ స్లాట్ల సంగతి కెర్నెల్‌కు తనంతట తెలియదు. మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ బూట్ సమయంలో ఒక పట్టిక తయారుచేసి మెమరీలో పెడుతుంది. దాన్ని ఎస్‌ఎంబయోస్ పట్టిక అంటారు, డీఎంఐ అని కూడా. డీఎంఐడీకోడ్ అనే కమాండ్ చదివేది దాన్నే, ఎల్‌ఎస్‌హెచ్‌డబ్ల్యూ కూడా స్లాట్ల వివరం అక్కడి నుంచే తెచ్చుకుంటుంది. ఆ పట్టికలో ర్యామ్ ఒక్కటే ఉండదు. మెషిన్ సీరియల్ నంబర్, బోర్డు సీరియల్ నంబర్, యూయూఐడీ (ఆ మెషిన్‌కు మాత్రమే ఉండే గుర్తింపు నంబరు) కూడా ఉంటాయి. అవి ఆ మెషిన్‌కు వేలిముద్రల్లాంటివి. ఏ ప్రోగ్రాం పడితే అది వాటిని చదవగలిగితే మనిషిని మెషిన్ ద్వారా గుర్తుపట్టొచ్చు. అందుకే పట్టిక మొత్తం ఉన్న ఫైలును రూట్ మాత్రమే చదవగలదు.

తమ్ముడికి చూపించడానికి సిస్ కింద క్లాస్, డీఎంఐ, ఐడీ ఫోల్డర్లోకి వెళ్ళి ఫైళ్ళ అనుమతుల జాబితా తీశాను. మోడల్ పేరు, తయారీదారు, బయోస్ వెర్షన్ ఉన్న ఫైళ్ళు అందరికీ తెరిచే ఉన్నాయి. సీరియల్ నంబర్లూ యూయూఐడీ ఉన్నవి మాత్రం 0400, అంటే చదివే హక్కు రూట్‌కు తప్ప ఎవరికీ లేదు. ఏది రహస్యం, ఏది కాదు అని కెర్నెల్ రాసినవాళ్ళు తీసుకున్న నిర్ణయం ఆ ఒక్క జాబితాలో కనిపిస్తుంది. లినక్స్ నేర్చుకునే పిల్లలకు అనుమతుల పాఠం ఇక్కడ మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది.

ఇందులో ఒక పొంతన లేనితనం కూడా ఉంది. డిస్కు సీరియల్ నంబర్ బడి యూజర్‌కూ కనిపిస్తోంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో సీరియల్ కాలమ్ అడిగితే చాలు. నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ (ఆ కార్డు గుర్తింపు నంబరు) కూడా అంతే. బోర్డు నంబరుకు ఉన్న కాపలా వీటికి లేదు.

ఈరోజు ఇంకో అరగంట పోయిన సంగతి రాసి పెడతాను, ఎవరికైనా పనికొస్తుంది. తమ్ముడు ఉత్త ఎస్‌యూ (యూజర్ మారే కమాండ్) కొట్టి రూట్ అయ్యాడు, డీఎంఐడీకోడ్ కొడితే కమాండ్ దొరకలేదంది. ఇన్‌స్టాలే కాలేదనుకుని మళ్ళీ మళ్ళీ ఎక్కించాడు. ఆ ప్రోగ్రాం ఎస్‌బిన్ ఫోల్డర్లో ఉంటుంది, మామూలు యూజర్‌కు కమాండ్లు వెతికే దారిలో (పాత్ అనే ఫోల్డర్ల జాబితాలో) ఆ ఫోల్డర్ ఉండదు. డెబియన్ 10 నుంచి ఉత్త ఎస్‌యూ కొడితే పాత యూజర్ దారే కొనసాగుతుంది. ఎస్‌యూ పక్కన ఒక గీత పెట్టి కొడితేనే రూట్ దారి వస్తుంది. ఇక్కడా అదే మాట: దొరకలేదంటే లేదని కాదు.

జనవరి 15, గురువారం

సంక్రాంతి. ఇంటి ఓనరమ్మ ఎళ్ళు బెల్లం (నువ్వులూ బెల్లమూ), చెరకు ముక్క ఇచ్చి, హాల్లో ఈ కంప్యూటర్లేంటని అడిగింది. చెప్పాను. స్కూలు అనగానే తన పాత మానిటర్ ఒకటి తీసుకుపొమ్మంది. పని ఏమీ జరగలేదు.

జనవరి 17, శనివారం

ఎస్పీ రోడ్డుకు మళ్ళీ వెళ్ళి మిగతా ఏడు స్టిక్కులూ తెచ్చాను. నా దగ్గరున్న పద్నాలుగు 2 జీబీ స్టిక్కుల్ని అదే షాపతను కొంత ధరకు తీసుకున్నాడు, పూర్తి నష్టం కాలేదు.

మధ్యాహ్నం తమ్ముడు ఏడో నంబర్ మెషిన్లోని వైఫై కార్డు పీకేయబోతుంటే ఆపాను. "ఆఫీసువాళ్ళు దీన్ని లాక్ చేసినట్టున్నారక్కా, యాక్సెస్ డినైడ్ అంటోంది" అన్నాడు. పీసీఐ పరికరాలను, అంటే బోర్డుకు కలిసే కార్డుల్లాంటివాటిని, చూపించే ఎల్‌ఎస్‌పీసీఐని వివరంగా నడిపితే కార్డు పేరు కింద కేపబిలిటీస్ అన్నచోట ఆ మాట వస్తోంది. వాడు బడి యూజర్‌గా ఉన్నాడు. అదే మెషిన్లో గ్రాఫిక్స్‌కూ, డిస్కును కలిపే సాటా కంట్రోలర్‌కూ కూడా ఆ మాటే ఉంది, వాడు గమనించలేదు. రూట్‌గా నడిపితే అన్నిటికీ పూర్తి వివరం వచ్చింది. కార్డుకు ఏ జబ్బూ లేదు. ఏ డ్రైవర్ నడుపుతోందన్నది మామూలు యూజర్‌గా కూడా కనిపిస్తుంది, అది సరిగ్గానే ఉంది.

ఈ తాళానికి కారణం పోయిన ఆదివారం చూసినదానికంటే పూర్తిగా వేరు. ప్రతి పీసీఐ పరికరానికీ ఒక కాన్ఫిగరేషన్ స్థలం ఉంటుంది, పాత పద్ధతిలో 256 బైట్లు, పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో 4096. మొదటి 64 బైట్లలో ఆ పరికరం ఎవరిది, ఏ రకం అన్న తల భాగం ఉంటుంది. మామూలు యూజర్‌కు కెర్నెల్ అక్కడిదాకే చదవనిస్తుంది. లింకు వేగం, పవర్ సంగతులు, ఇంటరప్టుల సంగతులు ఆ తర్వాత ఉంటాయి. ఆ హద్దు ఎందుకో కెర్నెల్ కోడ్‌లోనే వ్యాఖ్యగా రాసి ఉంది: నిర్వచించని చోటును చదవబోతే కొన్ని చిప్పులు బిగుసుకుపోతాయి. అంటే ఇక్కడ దాచాల్సిన రహస్యం ఏమీ లేదు. చదవడమే ప్రమాదం. చదవడం వల్ల ఏమీ కాదు కదా అని నేను జనవరి 3న రాసుకున్న మాట తప్పు, హార్డ్‌వేర్ విషయంలో చదవడం కూడా ఒక పనే.

యూఎస్‌బీ పరికరాలను చూపించే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ సంగతి కూడా ఇలాంటిదే, వివరంగా అడిగితే పరికరాన్ని తెరవలేకపోయాను, కొంత సమాచారం రాదు అని చెప్పి మరీ ముందుకెళ్తుంది. చెప్పడం దాని మంచితనం.

సాయంత్రం డిస్కులు. నాకు అన్నిటికంటే భయం ఇక్కడే. ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూపించే పన్నెండు 500 జీబీ డిస్కులూ ఒకేలా ఉన్నాయి, అన్నీ కొత్తవాటిలాగే కనిపిస్తాయి. పేరు, సైజు, పార్టిషన్లు. డిస్కు లోపలి ఆరోగ్యం ఆ కమాండుకు తెలియదు. దానికి స్మార్ట్‌సీటీఎల్ కావాలి, అది రూట్ లేకుండా పర్మిషన్ డినైడ్ అని మొదట్లోనే ఆగిపోతుంది. ఇక్కడి కారణం మూడోది: ఆ ప్రోగ్రాం ఫైలు చదవదు, డిస్కుకే నేరుగా ఆజ్ఞలు పంపుతుంది. డిస్కుకు ఆజ్ఞ పంపగలిగినవాడు దానిలోని అందరి డేటానూ చదవగలడు, చెరపగలడు. ఆ తలుపు అందరికీ తెరవలేరు.

తొమ్మిదో మెషిన్ డిస్కు 31,000 గంటలు నడిచిందని చెప్పింది. ఆపకుండా అయితే దాదాపు మూడున్నరేళ్ళు. అయినా పాడై మార్చిన సెక్టార్లు (డిస్కులో డేటా ఉండే చిన్న గళ్ళు) సున్నా, ఎదురుచూస్తున్న సెక్టార్లు సున్నా. నాలుగోది గంటల్లో దానికంటే చిన్నదే, కానీ ఎదురుచూస్తున్న సెక్టార్లు 16. అంటే పదహారు చోట్ల చదవబోయి చదవలేకపోయింది, వాటిని ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. ఆరోగ్యం అన్న లైనులో మాత్రం దానికీ పాస్ అనే ఉంది. ఆ పాస్‌ను నమ్మి స్కూలుకు పంపితే ఏదో ఒకరోజు పిల్లల ఫైళ్ళు పోతాయి. నాలుగో డిస్కు తీసేశాను. నా దగ్గరున్న 240 జీబీ ఎస్‌ఎస్‌డీ దానికి పెట్టేస్తాను.

కెర్నెల్ లాగ్‌లో కూడా ఈ డిస్కు గురించి ఎర్రర్లు ఉన్నాయి. బడి యూజర్‌గా ఆ లాగ్ చూపించే డీమెసేజ్ కొడితే అనుమతి లేదంటుంది, డెబియన్‌లో అది మామూలుగానే మూసి ఉంటుంది.

జనవరి 18, ఆదివారం

స్క్రిప్టు మొత్తం కొత్తగా రాశాను. మొదటి లైనులోనే నేను ఎవరిగా నడుస్తున్నానో చూసుకుని, ఆ మాట షీటులో మొదటి గడిలో రాస్తుంది. ప్రతి వివరానికీ మూడు రకాల జవాబులుంటాయి: విలువ, "ఖాళీ", "అనుమతి లేదు". మూడోది ఎర్ర రంగులో వస్తుంది. ఎర్రర్ లైన్లు పారేయడం మానేసి ఇంకో ఫైల్లో దాస్తున్నాను. ఊహించి రాసే ఆ ఒక్క లైనును తీసేశాను.

రూట్‌గా నడిపినా పదకొండో మెషిన్ ఇబ్బంది పెట్టింది. అది ఎవరో విడిభాగాలతో కట్టించినది. సీరియల్ నంబర్ అడిగితే "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" అని వచ్చింది, అంటే బోర్డు తయారైనప్పటి ఖాళీ ఫారం అలాగే ఉంది, ఎవరూ నింపలేదు. స్లాట్లు నాలుగు అంది, విప్పితే రెండే ఉన్నాయి. డీఎంఐడీకోడ్ మాన్యువల్ పేజీ కూడా ఈ పట్టికలోని సమాచారం చాలాసార్లు తప్పో అసంపూర్ణమో అని హెచ్చరిస్తుంది. రూట్‌కు తెలిసేది ఫర్మ్‌వేర్ రాసిపెట్టిన మాట మాత్రమే. కాబట్టి షీటులో ఇంకో కాలమ్ చేర్చాను: "కంటితో చూశాం". తమ్ముడు పన్నెండింటికీ టిక్కు పెట్టాడు.

తర్వాతి ప్రశ్న స్కూలు గురించి. అక్కడి కంప్యూటర్ సార్ నెలకోసారి డిస్కులు చూసుకోవాలి, ఏదైనా తేడా వస్తే నాకు వాట్సాప్‌లో పంపాలి. ఆయనకు రూట్ పాస్‌వర్డ్ ఇచ్చేయమన్నాడు తమ్ముడు. నాకు ఇష్టం లేదు. ఆయన మీద నమ్మకం లేక కాదు. ఆయన పక్కన ముప్పై మంది పిల్లలు నిలబడి చూస్తుంటారు.

డీఎంఐడీకోడ్‌ను, స్మార్ట్‌సీటీఎల్‌ను మాత్రమే సుడోలో అనుమతిద్దామనుకున్నాను మొదట. అదీ ప్రమాదమే. డీఎంఐడీకోడ్‌కు పట్టికను ఫైల్లోకి రాసే ఆప్షన్ ఉంది. 3.5 కంటే పాత వెర్షన్లలో అది ఉన్న ఫైలు మీదే రాసేసేది, సుడోతో కలిస్తే సిస్టం ఫైళ్ళనే చెరపొచ్చు. 2023లో దీన్ని భద్రతా లోపంగా నమోదు చేశారు, 3.5లో సరిచేశారు. స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు సెట్టింగులు కూడా మార్చొచ్చు. ప్రోగ్రాంకు అనుమతిస్తే దాని ఆప్షన్లన్నిటికీ అనుమతిచ్చినట్టే.

ఇంతలో ఇంకో దారి కనిపించింది, నాకు చాలా సంతోషం వేసింది. డెబియన్ 13లో యూడెవ్ అనే సర్వీసు బూట్ అయ్యేటప్పుడు రూట్‌గా ఆ డీఎంఐ పట్టికను ఒకసారి చదివి, ర్యామ్ వివరాలు మాత్రం ఏరి తన డేటాబేసులో పెడుతుంది. ఆ డేటాబేసు అందరూ చూడొచ్చు. యూడెవ్ఏడీఎం కమాండుతో డీఎంఐ పరికరం గురించి అడిగితే, బడి యూజర్‌గానే, ఏ స్లాటులో ఎంత ఉంది, ఏ స్లాటు ఖాళీ అన్నది వచ్చింది. మొదటి రోజే ఇది తెలిసుంటే ఎస్పీ రోడ్డుకు రెండో ప్రయాణం తప్పేది. కానీ నాకు నచ్చింది ఆ పద్ధతి. హక్కున్నవాడు ఒకసారి చూసి, అందరికీ అవసరమైనంత బయట పెట్టాడు.

డిస్కులకూ అదే చేశాను. ఆరోగ్యం, నాలుగు అంకెలు మాత్రం తీసి టెక్స్ట్ ఫైల్లో రాసే చిన్న స్క్రిప్టు. దాని ఓనర్ రూట్, లోకల్ ఎస్‌బిన్‌లో ఉంటుంది, ఇంకెవరూ మార్చలేరు, ఆప్షన్లేవీ తీసుకోదు. సుడో నియమాలు రాసే వీసుడోతో, ఆ నియమాలుండే సుడోయర్స్ డీ ఫోల్డర్లో ఒకే ఒక లైను: సార్ యూజర్‌కు ఆ ఒక్క స్క్రిప్టు. స్క్రిప్టు ఫైలు మీద ఎవరికైనా రాసే హక్కుంటే ఈ ఏర్పాటంతా వృథా, అందుకే ఓనర్‌నూ 755నూ (ఓనర్ ఒక్కరే మార్చగల అనుమతి) రెండుసార్లు చూశాను.

జనవరి 24, శనివారం

పొద్దున తొమ్మిదికి టెంపో వస్తుంది. ఆఫీసువాళ్ళకు పంపాల్సిన జాబితాలో సీరియల్ నంబర్లు ఉంచాను, వాళ్ళ రికార్డుకు అవి కావాలి. చందా ఇచ్చినవాళ్ళ గ్రూపులో పెట్టిన జాబితాను ఎల్‌ఎస్‌హెచ్‌డబ్ల్యూకు శానిటైజ్ ఆప్షన్ ఇచ్చి తీశాను, నంబర్లు దానంతట అదే తీసేస్తుంది.

ఒక్కో క్యాబినెట్ పక్క మూత లోపలివైపు ఒక కాగితం అంటించాం. స్లాటు 1, స్లాటు 2, డిస్కు గంటలు, తేదీ, నడిపింది రూట్‌గానా మామూలు యూజర్‌గానా, కంటితో చూసింది ఎవరు. తమ్ముడి చేతిరాత బాగుంటుంది, అన్నీ వాడే రాశాడు.

పదకొండు మెషిన్లు గుమ్మం దగ్గర ఉన్నాయి. తొమ్మిదోది ఇంకా టేబుల్ మీదే. 31,000 గంటల ఆ డిస్కుకు లాంగ్ టెస్ట్ (డిస్కు మొత్తం చదివి చూసే పరీక్ష) పెట్టాను, ఇంకా 40 శాతం మిగిలింది అంటోంది. అది అయ్యేదాకా దాని కాగితంలో చివరి గడి ఎర్ర పెన్నుతో "ఇంకా తెలియదు" అని ఉంది.